పొట్టి గొట్టం, పొడుగు గొట్టం

మా వదిన ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే మా అన్నయ్య "నీళ్ళ శాఖ" అని ఊరుకుంటాడు. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. ఆవిడ పని పెట్రోలు బంకుల్లో నేల కింద నీళ్ళు తోడి సీసాల్లో పట్టడం. బంకు వాళ్ళ పెట్రోలు ట్యాంకులు నేలలో పాతిపెట్టి ఉంటాయి. ఇనుము కదా, ఏళ్ళు గడిచేకొద్దీ తుప్పు పట్టి కారుతుంది. కారిన పెట్రోలు చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ నీళ్ళలో కలుస్తోందేమో కనిపెట్టడానికి బంకు ఆవరణలో సన్నటి గొట్టాలు దింపి పైన మూత పెడతారు. మా వదిన మూడు నెలలకోసారి వెళ్ళి, మూత ఎత్తి, టేపు దింపి నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో కొలిచి, సీసాలు నింపి, ఐసుపెట్టెలో సర్ది ల్యాబుకి చేరుస్తుంది. ఆ ఐసుపెట్టెనీ, ఆవిడనీ, ఆవిడ కోపాన్నీ వ్యానులో మోసేవాణ్ణి నేను. పదకొండేళ్ళ నుంచీ ఇదే వరస. మరిదిగా నాకు ఇంట్లో కాస్తో కూస్తో మర్యాద ఉంది. డ్రైవరుగా లేదు.

ఆఫీసులో ఆవిడ పేరు టేపమ్మ. కొలవందే దేన్నీ నమ్మదు. మా అన్నయ్య దర్జీ. ఆవిడ మొదటిసారి అతని కొట్టుకి వచ్చింది జాకెట్టు కుట్టించుకోవడానికి. అన్నయ్య మెడలోని గుడ్డ టేపు చూసి, తన సంచిలోంచి ఇనుప టేపు తీసి పక్కన పెట్టి, "మీ టేపు అర అంగుళం సాగిందండీ" అంది. కొలిచేదీ కత్తిరించేదీ ఈ టేపుతోనే కాబట్టి నష్టం లేదని అన్నయ్య వాదించాడు. "తప్పు రెండుసార్లు చేస్తే ఒప్పవుతుందా?" అంది ఆవిడ. ఆ మాటకి మా అన్నయ్య పడిపోయాడు, ఇంకా లేవలేదు. ఇప్పుడు మా ఇంట్లో రెండు టేపులున్నాయి. పప్పులో నీళ్ళు ఎక్కువయ్యాయని నేనంటే ఎంత ఎక్కువో చెప్పాలి.

సీసాలు పట్టే రోజు ఆవిడ పెట్టే ఆంక్షలు అత్తగార్లు కూడా పెట్టరు. సెంటు కొట్టుకోకూడదు. మార్కరు పెన్ను మూత తియ్యకూడదు. చేతులకి క్రీము రాసుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ రోజు బండిలో పెట్రోలు పోయించకూడదు. చేతికంటిన చుక్క తాలూకు ఆవిరి సీసాలోకి పోయినా ల్యాబు మిషను దాన్ని పట్టేసుకుని నీళ్ళదే తప్పంటుందిట. అందుకని ముందు రోజే ట్యాంకు నింపుకోవాలి.

ఒకసారి నేను మరిచిపోయాను. సరిగ్గా బంకు ఇంకా రెండు వందల గజాలుందనగా బండి ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం ఎండలో వ్యాను తోసుకుంటూ బంకులోకి తెచ్చాను. పంపు దగ్గర మనిషి పాపం జాలిపడి గొట్టం పట్టుకుని ఎదురొచ్చాడు. వదిన "వద్దు" అంది. మూడు గంటలు నీళ్ళు పట్టింది. అయిపోయాక, పెట్రోలు లేని బండిని పెట్రోలు బంకులోంచి మళ్ళీ రోడ్డు మీదికి తోయించింది. సీసాలు ల్యాబుకి చేరేదాకా చుక్క పోయించడానికి వీల్లేదంది. ఒక ట్రాక్టరు వెనక తాడు కట్టుకుని వెళ్ళాం. దారి పొడుగునా నేను తిట్టిన తిట్లన్నీ విని ఆవిడ ఒకే మాట అంది, తాడు ఇంకో రెండు గజాలు వదలాల్సిందని.

అలాంటి మనిషి ఒక తప్పు చేసింది. చెప్పొచ్చింది దాని గురించే.

ఆ తప్పు జరిగిన బంకులో ఒక ట్యాంకు కారిందని తెలిసి దాన్ని తవ్వి తీసేశారు. కారిందంతా మాత్రం నేలలోనే ఉంది. అది ఎంత లోతుకి దిగిందో చూడడానికి వెనక గోడ దగ్గర ఒకే గుంతలో పక్కపక్కనే రెండు గొట్టాలు దింపారు. ఒకటి పొట్టిది, తొమ్మిది మీటర్లు. రెండోది పొడుగుది, పదహారు మీటర్లు. పొట్టిది పై పొరలో నీళ్ళ సంగతి చెబుతుంది, పొడుగుది అడుగు పొరలో సంగతి చెబుతుంది. పైనుంచి చూస్తే రెండింటి మూతులూ కవల పిల్లల్లా ఒక్కలాగే ఉంటాయి. తేడా తెలియడానికి పొట్టిదానికి ఎర్ర బిరడా, పొడుగుదానికి నీలం బిరడా పెట్టారు.

గోడ అవతల రెండు ఇళ్ళు. ఒకటి రిటైరైన హెడ్మాస్టరు గారిది. ఆయన బోరు లోతైనది, అడుగు పొర నీళ్ళు. రెండోది లాండ్రీ. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, వెనక పెరట్లో నాలుగు సిమెంటు తొట్లు, మధ్యలో సంసారం. దాన్ని నడిపేది అరవై దాటిన ఒక పెద్దమ్మ. కొడుకూ, కోడలూ, మనవడూ ఆవిడతోనే ఉంటారు. ఆ ఇంట్లో తాగడానికీ, వండడానికీ, బట్టలకీ, పిల్లాడి స్నానానికీ అన్నిటికీ ఒకటే పాత చేతిపంపు. అది లోతుది కాదు, పై పొర నీళ్ళే.

ఆ బంకు మా వదిన చేతికి వచ్చేసరికి అంతకు ముందు చూసిన పెద్దాయన గొట్టాలు దింపించి, లోతులు ఫారంలో రాసి, ఒక్క సీసా కూడా పట్టకుండానే రిటైరైపోయాడు. బంకు యజమాని నేలంతా కొత్త కాంక్రీటు పోయించి, గోడలకి రంగులు వేయించి, పనిలో పనిగా మా బిరడాలకి కూడా మెరుగు పెట్టించాడు. తీసి, కడిగి, రంగు వేసి మళ్ళీ పెట్టించాడు. ఎవరు అడిగారు ఆయన్ని? కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. పెట్టినవాడు ఎర్రది తీసుకెళ్ళి పొడుగుదానికీ, నీలంది తీసుకెళ్ళి పొట్టిదానికీ బిగించాడు. అది మాకెవరికీ తెలియదు.

బిరడా సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. టేపుని నీళ్ళ దాకానే కాకుండా అడుగు తగిలేదాకా వదిలి లోతు చూడాలి. ఫారంలో దానికో గడి కూడా ఉంది. అయితే అడుగు తగిలితే బురద లేస్తుంది, నీళ్ళు మట్టి మట్టిగా అవుతాయి, అది తేరుకోవడానికి గంటలు పడుతుంది. అందుకని ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ ముందు సీసాలు పట్టేసి, అడుగు తరవాత కొలుద్దాంలే అనుకుంటారు. సీసాలు నిండాక ఐసు కరిగిపోతోందని పరిగెత్తుతారు. గడిలో పాత ఫారం చూసి పాత అంకె రాసేస్తారు. గొట్టం ఎక్కడికి పోతుంది, ఉన్న లోతే ఉంటుంది కదా అని. మా వదిన కూడా అదే చేసింది. ఉప్పు గల్లు గల్లుగా లెక్కపెట్టే మనిషి, ఆ ఒక్క గడి దగ్గర కళ్ళు మూసుకుంది.

మొదటిసారి ల్యాబు కాగితం రాగానే ఆఫీసులో అందరూ ముక్కున వేలేసుకున్నారు. పొట్టిదాంట్లో ఏమీ లేదు, సున్నా. పొడుగుదాంట్లో బెంజీన్ ఉంది. బెంజీన్ అంటే పెట్రోల్లో ఉండే ఒక విషం, నెలల తరబడి తాగితే రక్తానికి చేటు. పైనుంచి కారింది పై పొరలో లేకుండా అడుగు పొరలో ఎలా ఉంది? ఎవరికైనా ఇక్కడ అనుమానం రావాలి. రాలేదు. దూరం నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన రెండు రోజులు నేల వంక చూసి, రాతి మధ్యలో ఒక రహస్యమైన పగులుందని, పెట్రోలు దాంట్లోంచి చప్పుడు చెయ్యకుండా కిందికి జారిపోయిందని నలభై పేజీలు రాశాడు. రంగు బొమ్మలు కూడా వేశాడు. ఆ పగులు అందరికీ తెగ నచ్చింది.

దాంతో ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు హెడ్మాస్టరు గారి మీద పడ్డారు. ఆయన బోరు నీళ్ళు పరీక్ష చేస్తే ఏమీ లేదు. "ఇంకా రాలేదు, వస్తుంది" అని ముందుజాగ్రత్తగా బోరుకి సీలు వేశారు. ఆయన రోజూ ట్యాంకరు ముందు బిందె పట్టుకుని నిలబడుతూ, వారానికో అర్జీ చొప్పున రాసేవాడు. అర్జీల్లో మా ఆఫీసు వాళ్ళు రాసే ఉత్తరాల్లోని తప్పులు కూడా ఎర్ర సిరాతో దిద్ది పంపేవాడు. బంకులో ఇంకో లోతైన బోరు వేసి, మోటారు పెట్టి, నీళ్ళు బయటికి తోడి, బొగ్గు నింపిన పీపాల్లోంచి పోనిచ్చి శుభ్రం చెయ్యడం మొదలుపెట్టారు. పీపాలు మార్చేటప్పుడు చూస్తే బొగ్గుకి ఏమీ అంటేది కాదు. మా మిషను అంత గొప్పదని పీపాలు పెట్టిన కంపెనీ వాళ్ళు చెప్పుకున్నారు. అసలు సంగతేమిటంటే, దగ్గర దగ్గర పద్దెనిమిది నెలల పాటు మంచినీళ్ళని కడిగాం.

లాండ్రీ పెద్దమ్మ మాత్రం మేం వెళ్ళిన ప్రతిసారీ గోడ మీంచి పిలిచేది.

"అమ్మాయ్, నీళ్ళు వాసనొస్తున్నాయి. పొద్దున్నే మొదటి బిందె మరీను."

వదిన ప్రతిసారీ ఓపిగ్గా గోడ దగ్గరికి వెళ్ళి కాగితం చూపించేది. "పెద్దమ్మా, మీది పై నీళ్ళు. పై నీళ్ళల్లో సున్నా. ఇదిగో, చూడండి. నిక్షేపంలా తాగండి."

"కాగితానికి ముక్కుందా?" అని గొణుక్కుంటూ ఆవిడ వెళ్ళిపోయేది.

ఒకసారి నేను కూడా నోరు పారేసుకున్నాను. "మెకానిక్కుల బట్టలు ఉతుకుతారు కదా పెద్దమ్మా, ఆ వాసనే" అన్నాను. పెట్రోలు పంపు దగ్గర మనుషులు నవ్వారు. ఆవిడ చంకలో నెలల మనవడున్నాడు, వాడు కూడా నవ్వాడు. ఇళ్ళల్లో నీళ్ళు పరీక్ష చెయ్యాలంటే ముందు ఆ ఇంటివాళ్ళు వాడే పొర తాలూకు బంకు గొట్టంలో ఏదైనా తేలాలని మా ఆఫీసు రూలు. పై పొరలో తేలలేదు కాబట్టి ఆ చేతిపంపు నీళ్ళు ఎవరూ సీసాలో పట్టలేదు.

ఏడోసారి వెళ్ళిన రోజు వదిన గ్లవుజులు తొడుక్కుంటూ టేపు చుట్ట నా చేతికిచ్చింది, రెండు నిమిషాలు పట్టుకోమని. నీలం బిరడా గొట్టంలోకి టేపు అప్పటికే దింపి ఉంది. నాకు తుమ్ము వచ్చింది. చుట్ట చేతిలోంచి జారి గిర్రున తిరిగింది. టేపు కిందికి పోయి పోయి, చివరనున్న బరువు ఠపీమని అడుగు తాకి ఆగింది.

ఇంకేముంది, నా వంశం మొత్తాన్ని కడిగేసింది, అది తను మెట్టిన వంశమే అన్న సంగతి కూడా మరిచిపోయి. "బురద లేపావు. ఇంక పూట పోయినట్టే. ఒక్క టేపు పట్టుకోలేని వాడివి స్టీరింగు ఎలా పట్టుకుంటున్నావు?" అంటూ టేపు పైకి లాగబోయి, గొట్టం అంచు దగ్గర అంకె చూసింది. ఆగిపోయింది.

"తొమ్మిది" అంది.

"అయితే ఏమైంది?"

"నీలం అంటే పొడుగుది. పదహారు ఉండాలి."

"వయసు మీద పడి కుంగిపోయిందేమో, మన మావయ్యలాగా" అన్నాను.

ఆవిడ నవ్వలేదు, తిట్టను కూడా తిట్టలేదు. టేపు తుడిచి, ఎర్ర బిరడా తీసి, ఆ గొట్టంలోకి వదిలింది. టేపు తొమ్మిది దాటింది, పది దాటింది. పదహారు దగ్గర ఆగింది. వదిన కొత్త కాంక్రీటు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. పదకొండేళ్ళలో ఆవిడ పని మధ్యలో కూర్చోవడం నేను చూడలేదు. గోడ అవతల చేతిపంపు కీచుమంటోంది. ఎవరో బిందె నింపుతున్నారు.

గోడ వైపు చూస్తూ అంది, "ఆ పిల్లాడికి ఎన్ని నెలలు?"

"పధ్నాలుగో ఎంతో."

"కడుపులో ఉన్నప్పటి నుంచీ ఇవే నీళ్ళు" అంది. ఇన్నాళ్ళూ బెంజీన్ ఉన్నది పై పొరలోనని, పెద్దమ్మ చేతిపంపులోకి వస్తున్నవి ఆ నీళ్ళేనని నాకు అప్పటికి అర్థమైంది. అర్థమయ్యాక తుమ్మినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఇలా ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, మొదట వచ్చిన ఆలోచన అదే.

మా ఆఫీసరుకి మేం పెట్టుకున్న పేరు సర్దుబాటు సారు. కడుపులో చల్ల కదలకుండా రిటైరవ్వాలన్నది ఆయన ఏకైక ఆశయం. ఇంకో రెండేళ్ళుంది. వదిన చెప్పిందంతా విని, లేచి వెళ్ళి గది తలుపు వేసి వచ్చాడు.

"ఇది మీకూ నాకూ కాక ఇంకెవరికి తెలుసమ్మా?"

"మా మరిదికి తెలుసండి."

ఆయన నా వంక చూశాడు. నేను గోడ మీద క్యాలెండరు వంక చూశాను.

"అయితే ఫరవాలేదు. చూడండి మేడం, బిరడాలు మార్చి పెట్టెయ్యండి. ఈసారి పొట్టిదాంట్లో బెంజీన్ వస్తుంది. ఈ మధ్య వానలు బాగా పడ్డాయి కదా, అడుగున ఉన్నది పైకి తేలిందని రాద్దాం. నిపుణుడి పగులు ఎలాగూ ఉండనే ఉంది. దిగిన దారినే ఎక్కింది. లాండ్రీ వాళ్ళకి ఇవాళ్టి నుంచి తాగొద్దని చెబుదాం. హెడ్మాస్టరు గారికి సీలు తీసేద్దాం. అందరికీ మంచే జరుగుతుంది."

"ఇన్నాళ్ళూ తాగారు కదండీ."

"అది చెప్పి ఏం లాభం? ఊరికే బెంగ పెట్టుకుంటారు."

"పిల్లాణ్ణి డాక్టరుకి చూపించాలి. ఎప్పటి నుంచి తాగుతున్నాడో తెలియకపోతే డాక్టరు ఏం చూస్తాడండీ? ఇవాళే వచ్చిందంటే రెండు రోజులు చూద్దామంటాడు."

సర్దుబాటు సారు గొంతు తగ్గించాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్థుడు. "నేను మీ గురించే చెబుతున్నాను. అడుగు కొలవకుండా అంకె వేశానని రాసిచ్చారంటే, పదకొండేళ్ళ మీ ఫారాలన్నీ బయటికి లాగుతారు. ఇక మీరు పట్టిన ఏ సీసానీ ఎవరూ నమ్మరు. ఉద్యోగం సరే, మీ పేరు పోతుంది."

ఆ మాట వదినకి తగిలింది. తగలడం నేను చూశాను. ఆవిడకి పిల్లల్లేరు, నగల మీద మోజు లేదు. ఆవిడ సంపాదించుకున్నదల్లా టేపమ్మ అన్న ఆ వెక్కిరింపే.

సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది, ముద్ద ఎత్తలేదు. నేను సర్దుకోమనే చెప్పాను. దాచుకోవడమెందుకు, ఆవిడ టేపుకే నా వ్యాను కూడా వేళ్ళాడుతోంది. అన్నయ్య సంగతంతా విన్నాడు.

"మాక్కూడా అవుతుంటాయి" అన్నాడు. "కొలత తప్పుతుంది, చొక్కా బిగుతవుతుంది. నేనైతే మీరు ఒళ్ళు చేశారండీ అంటాను. వాళ్ళూ సిగ్గుపడి తీసుకెళ్ళిపోతారు."

"ఎంతమందికి చెప్పారలా?" అంది వదిన.

"చాలామందికి." మెడలో టేపు తీసి చుట్టుకుంటూ అన్నాడు. "ఒకాయన నిజమేననుకుని తిండి మానేశాడు. బాగా చిక్కిపోయాడు. నాకిప్పటికీ ఆయన ఎదురైతే పక్క సందులోకి తిరగాలనిపిస్తుంది."

మా అన్నయ్య ఏ విషయంలోనూ సలహా ఇచ్చే మనిషి కాదు. అదీ సలహా అని ఇచ్చాడో లేదో తెలియదు. వదిన కంచం పక్కకి జరిపి, బల్ల మీద కాగితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. మూడుసార్లు చింపింది. నాలుగోది నాకు చూపించింది. అందులో పగులు లేదు, వానలు లేవు. బిరడాలు మారాయని, అడుగు కొలిచి ఉంటే మొదటి రోజే తెలిసేదని, కొలవకుండా ఆరుసార్లు అంకె వేసింది తానేనని ఉంది. కింద సంతకం. బిరడాలు మార్చింది బంకువాళ్ళని ఇంకో రెండు వాక్యాలు రాయమని బతిమాలాను. అది వాళ్ళు చూసుకుంటారు, ఇది నాది అంది.

పొద్దున్నే ఆ కాగితం సర్దుబాటు సారు బల్ల మీద పెట్టి, ఆయన వచ్చేలోపు లాండ్రీకి వెళ్ళాం. ఆయన తరవాత దాన్ని విప్పకుండానే నాలుగు రోజులు సెలవు పెట్టేశాడని తెలిసింది.

లాండ్రీ పెరట్లో కోడలు పిల్లాడికి స్నానం చేయిస్తోంది. వాడు తొట్టి నీళ్ళని రెండు చేతులా కొడుతూ, తడి చెయ్యి నోట్లో పెట్టుకుంటున్నాడు. పెద్దమ్మ మమ్మల్ని చూసి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"ఏం అమ్మాయ్, ఇవాళ గోడ దాటి వచ్చావు? ఇంకో సున్నా తెచ్చావా?"

"ఆ పిల్లాణ్ణి నీళ్ళలోంచి తియ్యండి" అంది వదిన.

తరవాత నిలబడే చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు. పొట్టి గొట్టం, పొడుగు గొట్టం, బిరడాలు అన్నీ చెప్పింది. ఆ వివరమంతా ఆవిడకి అక్కర్లేదని నాకనిపించింది. వదినకి మాత్రం ఒక్క మెట్టు కూడా వదలకుండా చెప్పడం అవసరమైంది. చివరికి, "వాసనొస్తోందని మీరు చెప్పింది నిజం. సున్నా అని నేను చూపించింది తప్పు. పద్దెనిమిది నెలలు" అంది.

కోడలు పిల్లాణ్ణి తువ్వాల్లో చుట్టి గుండెకి హత్తుకుంది. ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పంపు దగ్గరున్న బిందెని కాలితో తన్ని లోపలికి వెళ్ళిపోయింది. నీళ్ళు పెరడంతా పారాయి.

పెద్దమ్మ వంగి బిందె నిలబెట్టింది. "నాకు ముక్కు చెడిందని కొడుకు డాక్టరుకి చూపించాడు" అంది. "మందు వేసుకున్నాను కూడా. రెండు నెలలు."

వదిన తల దించుకుంది.

"పిల్లాడికి ఏమవుతుంది?"

"తెలీదు పెద్దమ్మా. ఏమీ కాకపోవచ్చు. రక్తం పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఒక్కసారి చేస్తే చాలదు, కొన్నేళ్ళు చూస్తూ ఉండాలి."

"అయితే నువ్వూ రా ఆస్పత్రికి. మేం చెబితే వాళ్ళు వినరు."

వ్యాను ఎక్కారు వదినా, పెద్దమ్మా, కోడలూ ముగ్గురూ, పిల్లాడితో. నేను తోలాను. వెనక పిల్లాడు ఐసుపెట్టె మీద చేతుల్తో తాళం వేశాడు. బయల్దేరేటప్పుడు పక్కింటి హెడ్మాస్టరు గారు బిందెతో ట్యాంకరు దగ్గర నిలబడి ఉన్నారు, ఆయనకి ఇంకా ఏమీ తెలియదు. ఆయనకి చెప్పే పని నా మీద పడకుండా ఉంటే చాలనుకున్నాను.

పిల్లల డాక్టరు ఇంకా చిన్నవాడే, చాలా తొందరలో ఉన్నాడు. సంగతి సగం వినగానే పెన్ను కింద పెట్టి పెద్దమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"పెట్రోలు వాసనొచ్చే నీళ్ళు పసివాడికి ఎలా పట్టారమ్మా? అంత వయసొచ్చింది, వాసన తెలియలేదా? ఎవరికీ చెప్పాలనిపించలేదా?"

పెద్దమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూసింది. తనదే తప్పన్నట్టు నిలబడింది. నాకు ఒళ్ళు మండింది గానీ ఆ మంట ఎవరి మీద చూపాలో తెలియలేదు, మెకానిక్కుల బట్టలన్నది నేనే కదా.

"ఆవిడ చెప్పారండీ" అంది వదిన. "వెళ్ళిన ప్రతిసారీ చెప్పారు, ఆరుసార్లు. తాగమన్నది నేను."

డాక్టరు ఆవిడ వంక చూశాడు. తరవాత పెన్ను తీసుకుని, ఎప్పటి నుంచో అడిగి, తారీఖుతో సహా ఆ మాట కూడా రాసుకున్నాడు.